ఎవరి దెబ్బ వాళ్లే చెప్పుకోవాలి

సోఫా విప్పితే ఇల్లు విప్పినట్టే. పై గుడ్డ ఊడదీసి, కింద నవారు కోసి, మడతల్లోకి చెయ్యి పోనిస్తే ఆ ఇంట్లోవాళ్లు పోగొట్టుకుని ఒకరినొకరు అనుమానించుకున్న వస్తువులన్నీ బయటపడతాయి. తాళంచెవులు, దువ్వెనలు, పెన్ను మూతలు, ఒంటి దుద్దులు, ఒకసారైతే ఏకంగా కట్టుడుపళ్ల సెట్టు. సోఫాలు బాగుచేసే ఆయన వీటన్నిటినీ ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి, మూతి కట్టి, సోఫాతో పాటే తిరిగి పంపిస్తాడు. దుద్దు దొరికినా సంచిలోకే, బఠాణీ గింజ దొరికినా సంచిలోకే.

యాభై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా, తను కుట్టిన కుషను లాగే ఉంటాడు. వీధిలో అందరికీ సోఫాలాయన. మూల మీద షాపు, దాని వెనక సరుకు గది, పైన కాపురం. కవర్లు, అంచులకి కుట్టే పైపింగులు, గుండీలు భార్య రాజ్యం. కిటికీ పక్కన కుట్టు మిషను ముందు కూర్చుని ఆవిడ ఆ రాజ్యం ఏలుతుంది. చెక్క చట్రం, స్ప్రింగులు, స్పాంజి, పిన్నులు కొట్టే గన్ను ఆయనవి. ఆ గన్నుకి గాలి అందించే కంప్రెసరు మోత మొదలైందంటే పక్కన పిడుగు పడ్డా వినపడదు. అందుకే ఆయనతో పనిబడితే ఆవిడ గొంతు చించుకోదు. గుడ్డ చుట్టిన సోఫా గుండీ ఒకటి తీసి వీపు మీదికి విసురుతుంది. ఆయన తిరిగి చూస్తాడు. పెళ్లయిన కొత్తలో మొదలైన పద్ధతి. మొదట్లో గుండీ గోడకి తగిలేది, గడియారానికి తగిలేది. ఇప్పుడు ఆవిడ తల ఎత్తకుండానే విసురుతుంది, రెండు భుజాల మధ్య సరిగ్గా తగులుతుంది.

ఆయనకో బలహీనత ఉంది. ఉన్నట్టుండి పేలే చప్పుడంటే చచ్చేంత భయం. కంప్రెసరు మోత వేరు, అది ఎడతెగని రొద, ఒంటికి పట్టేసింది. కానీ బెలూన్ పగిలితే మాత్రం గుండె చేత్తో పట్టుకుంటాడు. వీధిలో టైరు పేలితే సోఫా వెనక్కి వెళ్లిపోతాడు. పిల్లల పుట్టినరోజులకి పిలుపొస్తే భార్య ఒక్కతే వెళ్లి, "ఆయనకి ఒంట్లో బాగోలేదు" అని చెప్పి వస్తుంది. అలాంటి మనిషి తుపాకీ పట్టాడంటే వీధి నవ్వకేం చేస్తుంది?

అంతా పళ్ల డాక్టరమ్మ సోఫాతో మొదలైంది. క్లినిక్‌లో పేషెంట్లు కూర్చునే సోఫా నడుం విరిగి షాపుకొచ్చింది. పంటినొప్పితో వేచి ఉన్నవాళ్లు గుచ్చిన గోళ్ల గుర్తులు దాని చేతుల మీద అలాగే ఉన్నాయి. విప్పి చూస్తే మడతల నిండా స్పాంజి పుల్లలు. వేలెడంత పొడుగు, నీలం రంగు, కొసన నారింజరంగు రబ్బరు టోపీ. స్పాంజి కనిపిస్తే నొక్కి చూడకుండా ఉండలేడు కాబట్టి నొక్కి చూశాడు. మంచి సరుకే. నొక్కి వదిలితే క్షణంలో లేచి నిలబడింది.

సోఫా అప్పగించేటప్పుడు సంచి చేతికిచ్చి, "పిల్లలెవరో ఆడుకుంటూ పారేశారమ్మా" అన్నాడు.

డాక్టరమ్మ సంచి విప్పి కేరింత కొట్టింది. చదువుకునే పిల్లలా కనిపించే మనిషి, చెయ్యి మాత్రం ఉక్కు. దవడ పళ్లు కూడా అవలీలగా లాగేస్తుందని పేరు. "పిల్లలేంటి బాబాయ్ గారూ, ఇవి నావే! ఎక్కడ పోతున్నాయో తెలీక ఆయాని అనుమానిస్తున్నాను."

"మీరా? ఇవేం చేసుకుంటారమ్మా?"

ఆవిడ మందుల బీరువా పైఅర తెరిచి ఒక బ్లాస్టర్ తీసింది. పసుపురంగు ప్లాస్టిక్ తుపాకీ. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"పేలుతుందా?"

"పేలదు. ఫట్‌మంటుంది, అంతే. ఇందండి, పట్టుకోండి. ఈ పిడి వెనక్కి లాగితే లోపల స్ప్రింగు బిగుస్తుంది. వేలు నొక్కితే గాలి తోసేస్తుంది. మీకు తెలీని యంత్రమేం కాదు."

గోడ మీద ఆరోగ్యంగా ఉన్న దంతాల పటం వేలాడుతోంది. ఆయన ఊపిరి బిగబట్టి, రెండు కళ్లూ మూసేసుకోబోయి, చివరి నిమిషంలో ఒకటి తెరిచి నొక్కాడు. ఫట్. డార్టు, అదే ఆ స్పాంజి పుల్ల, వెళ్లి ముందు పన్ను నడిమధ్య తగిలి కింద పడింది. రోజంతా పిన్నుల గన్ను పట్టే చెయ్యి మరి, మణికట్టు వణకలేదు.

డాక్టరమ్మ పటం వైపు చూసింది, ఆయన వైపు చూసింది. "ఆదివారాలు ఏం చేస్తారు మీరు?"

"పడుకుంటానమ్మా."

"ఈ ఆదివారం పడుకోకండి."

ఊరి చివర మూతపడిన బట్టల గోడౌను ఒకటుంది. అక్కడ ఆదివారం పొద్దున్నే జనం చేరతారు. వీళ్లందరూ ఒకచోట ఎలా చేరారా అనిపించే గుంపు అది. బస్సు డ్రైవరు, లెక్కల టీచరమ్మ, వంటమాస్టరు, కాలేజీ అమ్మాయిలు, మందుల షాపాయన. అందరి కళ్లకీ గాగుల్స్. గాగుల్స్ లేకపోతే గుమ్మం దాటనివ్వరు. కళ్లజోడు పెట్టుకున్నాక ఎవరు బస్సు నడుపుతారో, ఎవరు లెక్కలు చెబుతారో తెలీదు. డాక్టరమ్మే కెప్టెను.

"రూలు ఒకటే బాబాయ్ గారూ" అంది. "డార్టు మీ ఒంటికి తగిలినా, బట్టకి తగిలినా, సంచికి తగిలినా తగిలినట్టే. 'తగిలింది' అని గట్టిగా చెప్పి, తలమీద చెయ్యి పెట్టుకుని బయటికి నడవాలి."

"అంపైరు ఎక్కడుంటాడమ్మా?"

"అంపైరు లేడు. ఎవరి దెబ్బ వాళ్లే చెప్పుకోవాలి."

"మరి తగిలీ చెప్పకపోతే?"

దానికి మందుల షాపాయన జవాబిచ్చాడు. సన్నగా, నిలువుగా, ఇస్త్రీ చొక్కాలో ఉండే మనిషి. పక్కవాడు తుమ్మితే డాక్టరు చీటీ ఏదని అడిగే రకం. "చెప్పకపోతే ఆటెక్కడిదండీ? పెద్దవాళ్లందరం గోడౌన్లో స్పాంజి పుల్లలు ఏరుకోవడమే మిగుల్తుంది."

ఆ మొదటి రోజు సోఫాలాయన ఎక్కువసేపు తలమీద చెయ్యితోనే ఉన్నాడు. డ్రమ్ము వెనక నుంచి తల బయటపెట్టడం, తగిలించుకోవడం, "తగిలింది" అనడం. డ్రైవరు జాలిపడి, "అన్నా, నువ్వు దాక్కోవడానికి వచ్చావా, కనబడటానికి వచ్చావా?" అన్నాడు. కానీ ఇంటికెళ్లేటప్పుడు ఆయన నడకే మారిపోయింది. బెలూన్‌కి భయపడే మనిషి, ఇన్ని తూటాల మధ్య ఒక పొద్దంతా గడిపి వచ్చాడు మరి.

అక్కడినుంచి పిచ్చి ముదిరింది. సైనికులు ఎలా పాకుతారో, ఎలా మూల తిరుగుతారో, చప్పుడు లేకుండా ఎలా సైగ చేసుకుంటారో ఫోన్లో చూడటం మొదలుపెట్టాడు. పిడికిలి పైకెత్తితే ఆగమని, రెండు వేళ్లు కళ్లవైపు చూపిస్తే గమనించమని. ఆ సైగలు ఇంట్లోకి కూడా వచ్చాయి. టీ కావాలంటే పిడికిలి ఎత్తి, తర్వాత బొటనవేలు నోటివైపు చూపించేవాడు.

"నోరు పడిపోయిందా మీకు?" అంది భార్య.

"శత్రువు వింటాడని."

"శత్రువు వింటూనే ఉంది. పాలు లేవు. వెళ్లి పట్రండి."

చీలమండల దాకా వచ్చే బూట్లు కొన్నాడు. ఆకుల డిజైను రెక్సిను ఒక తాను మొత్తం తెప్పించాడు. ఆ ఊపులో కక్షిదారులు కూర్చునేందుకని ఒక వకీలుగారు బాగుచెయ్యమని ఇచ్చిన స్టూలుకి కూడా ఆ ఆకులే తొడగబోతుంటే భార్య గుండీ విసిరి ఆపింది. విప్పేసిన పాత సోఫాల చట్రాలు గోడౌనుకి మోయించి, వాటికి గోనె కొట్టి అడ్డుగోడలు కట్టాడు. అంతకుముందు డ్రమ్ముల వెనక నడుం వంచుకుని కూర్చున్న జట్టు ఇప్పుడు దర్జాగా చేతులానించుకుని కాల్చుకుంటోంది. వంటమాస్టరైతే ఒక అడ్డుగోడ వెనక కునుకు కూడా తీశాడు.

చొక్కా సంగతి అప్పుడొచ్చింది. సైనికులు ఒంటిమీద వేసుకునే జేబుల కోటులాంటిది ఒకటి కుట్టుకోవాలని బుద్ధి పుట్టింది. మందపాటి కాన్వాసు, డార్టులకి వరసగా జేబులు, భుజాల మీద నవారు పట్టీలు. కుట్టడం వరకూ బాగానే కుట్టాడు. వేసుకుని అద్దంలో చూసుకుంటే మాత్రం ప్రాణం ఉసూరుమంది. ఫోన్లో సైనికుడికి ఛాతీ దగ్గర పలకలా నిలబడి ఉంది. ఈయనకి సంచిలా వేలాడుతోంది.

సోఫాలు కుట్టేవాడు దేన్నైనా భరిస్తాడు గానీ గుడ్డ కుంగడం భరించలేడు. పెళ్లివిందుకి వెళ్లినా ముందు కుర్చీ సీటు నొక్కి చూసే మనిషాయన. చొక్కా కుట్లు విప్పి ముందొక పొర, వెనకొక పొర స్పాంజి పెట్టాడు. మామూలు స్పాంజి కాదు, కుర్చీ వీపుకి వాడే గట్టిది. పక్కలకి కూడా కాస్త కూరాడు. ముడతలు రాకుండా అడ్డంగా నిలువుగా టాకాలు వేసి లాగి కట్టాడు. ఇప్పుడు వేసుకుంటే ఛాతీ ఛాతీలా ఉంది.

భార్య చుట్టూ తిరిగి చూసింది. "ఇది చొక్కానా, ఒంటి సీటు సోఫానా?"

"కుళ్లు."

"చేతులు పెడితే డ్రాయింగు రూములో వేసుకోవచ్చు."

ఆ చొక్కా వేసుకున్న ఆదివారం నుంచి సోఫాలాయనకి ఎదురు లేకుండా పోయింది. అడ్డుగోడ నుంచి అడ్డుగోడకి పరుగెత్తేవాడు, గెలుపు తేల్చే జెండా లాక్కొచ్చేవాడు, ఎదుటి జట్టు మొత్తం తలమీద చేతులతో బయట నిలబడి ఉంటే ఆయన ఒక్కడూ లోపల మిగిలేవాడు. పాకడం నేర్చిన ఫలితమనుకున్నాడు. సైగల ఫలితమనుకున్నాడు. బూట్ల మహిమ కూడా కొంత ఉందనుకున్నాడు. జట్టులో మొదట చప్పట్లు కొట్టారు. తర్వాత చప్పట్లు పలచబడ్డాయి. ఆ తర్వాత ఆయన వస్తుంటే మాటలు ఆగిపోవడం మొదలైంది. కాలేజీ అమ్మాయిలు 'చావని తాతయ్య' అని పేరు పెట్టారని డ్రైవరు చెబితే మురిసిపోయాడు. అది మెచ్చుకోలు కాదని తట్టలేదు.

చివరికి మందుల షాపాయనే పేల్చాడు. ఆట ముగిసింది, అందరూ గాగుల్స్ తీసి మొహాలు తుడుచుకుంటున్నారు.

"ఏమండీ, ఒక్క మాట. నేను మీ వెనక ఉన్నాను. వీపు మీద వరసపెట్టి కొట్టాను. మీరు చెప్పలేదు."

"తగిలితే చెప్పనా?"

"అదే అడుగుతున్నాను. ఎందుకు చెప్పలేదు?"

"తగల్లేదు గనక."

"మరి మీ కాళ్ల దగ్గర పడినవేంటి? మల్లెపూలా?"

డ్రైవరు సర్దబోయాడు. "దూరం ఎక్కువై ముందే పడిపోయాయేమోలే సార్."

"దూరమేంటయ్యా! చెయ్యి చాపితే ఆయన వీపు! గోక్కోమంటే గోకి ఉండేవాణ్ణి!"

నవ్వుదామని నోరు తెరిచినవాళ్లు కూడా ఆయన మొహం చూసి మూసుకున్నారు. సోఫాలాయనకి చెవులు వేడెక్కాయి. "నా షాపుకి రండి. ఏ సోఫా అయినా కోసి చూడండి. పైన ఏది చెప్పానో లోపల అదే ఉంటుంది. ఇన్నేళ్లలో ఒక్కడు వేలెత్తి చూపలేదు. మీకేమో కొట్టడం రాదు, కొట్టినట్టు చెప్పుకోవడం వచ్చు. మీ షాపులో కళ్లల్లో వేసుకునే చుక్కలుంటే ముందు మీరు వేసుకోండి."

"అంటే నేను అబద్ధమాడుతున్నానా?"

"నేనైతే ఆడటం లేదు. మిగిలింది మీరే."

మందుల షాపాయన వంగి డార్టులు ఏరుకోవడం మొదలుపెట్టాడు. లెక్కల టీచరమ్మ మాత్రం మెల్లగా, "నేను కూడా కొట్టానండీ, కిందటి వారం. పెద్దవారు కదా అని ఊరుకున్నాను" అంది. దాంతో ఇంకో గొంతు, దాని వెనక ఇంకోటి. డాక్టరమ్మ చెయ్యెత్తి ఆపింది.

"బాబాయ్ గారూ, ఇక్కడ ఎవరినీ తీసెయ్యడం ఉండదు. పంచాయితీ కూడా ఉండదు. కానీ మీ మాట నమ్మనివాళ్లు మీ ఎదురుగా ఆడరు. నేను బలవంతం చెయ్యలేను."

"మీరు నమ్ముతున్నారా అమ్మా?"

పన్ను పీకేటప్పుడు కూడా తడుముకోని మనిషి తడుముకుంది. ఆయనకి ఆ జవాబు చాలు. బ్లాస్టర్ సంచిలో వేసుకుని వచ్చేశాడు.

ఇంటికొచ్చి అంతా చెప్పాడు. భార్య పైపింగు కత్తిరిస్తూ విని, "నిజంగా తగల్లేదా?" అంది.

"నువ్వు కూడా అడుగుతున్నావా?"

"అడుగుతున్నాను కాబట్టే మీ ఎదురుగా కూర్చున్నాను. అనేసుకున్నవాళ్లు అడగరు."

"తగల్లేదు."

"సరే అయితే." ఆవిడ కత్తెర మళ్లీ నడిచింది. కానీ ఆయనకి ఆ 'సరే' కుదురుగా కూర్చోలేదు. అన్నం తింటున్నా అదే, చెక్క కోస్తున్నా అదే. ఊళ్లో జనం సోఫా బయటివైపే చూస్తారు, లోపల ఏం పెట్టాడన్నది ఆయన మాట మీద నమ్ముతారు. ఆట పోతే పోయింది. ఆ మాటే పోయాక రేపు కుర్చీ ఇస్తూ "మంచి స్పాంజే వేశానండీ" అంటే మందుల షాపాయన మొహం గుర్తొస్తుంది కదా.

రోషం కూడా తక్కువేం కాదు. ఆట లేకపోతే చొక్కా పారేస్తానా అని, జేబుల్లో డార్టులకి బదులు సుద్దముక్కలు, కత్తెర, పిన్నుల పెట్టెలు పెట్టుకుని షాపులో పనిచేసేటప్పుడు వేసుకోవడం మొదలుపెట్టాడు. ఒక పూట పెద్ద దివాను చట్రం మీద వంగి, కంప్రెసరు ఆన్ చేసి, టకటకా పిన్నులు కొడుతున్నాడు. కోపంలో ఉన్నాడు కాబట్టి ఒక పిన్ను పడాల్సిన చోట రెండు పడుతున్నాయి.

గుమ్మంలోకి వకీలుగారు వచ్చారు, స్టూలు కోసం. భార్య మామూలుగా గుండీ తీసి విసిరింది. ఆయన తిరగలేదు. ఇంకోటి విసిరింది. తిరగలేదు. తన గురి తప్పిందా అని ఆవిడకే అనుమానం వచ్చి, ఈసారి తల ఎత్తి చూసి మరీ విసిరింది. గుండీ వీపు మధ్యలో తగిలి నేలరాలింది. ఆయన పిన్నులు కొడుతూనే ఉన్నాడు. ఆవిడకి పంతం వచ్చింది. డబ్బాలోంచి గుప్పెడు తీసి విసరడం మొదలుపెట్టింది. వకీలుగారు ఆలుమగల మధ్య ఏదో నడుస్తోందనుకుని గుమ్మం బయటికి జరిగారు. చివరికి ఆవిడ లేచి, గుడ్డ కొలిచే చెక్క బద్ద తీసుకుని వీపు మీద ఒక్కటి ఇచ్చింది. ఆయన భుజం ఎగరేసి, ఈగని తోలినట్టు తోలి, పని చేసుకుంటున్నాడు.

ఆవిడ వెళ్లి కంప్రెసరు ఆపేసింది. షాపంతా నిశ్శబ్దం.

"ఏంటీ, కరెంటు పోయిందా?" అన్నాడు ఆయన తిరిగి.

"చెవుడు వచ్చిందంటే అర్థముంది. వీపుకి కూడా వచ్చిందా మీకు?"

"ఎందుకట్లా అరుస్తావు? పిలిస్తే పలకనా?"

"పిలవడమా? డబ్బా ఖాళీ అయింది!"

ఆయన కిందకి చూశాడు. బూట్ల చుట్టూ ఎర్ర గుండీలు, బూడిదరంగు గుండీలు, ఆకుల డిజైను గుండీలు. వంగి ఒకటి తీసి చేతిలో తిప్పి చూశాడు.

"ఇవన్నీ నువ్వు విసిరినవేనా?"

"కాదు, వకీలుగారు విసిరారు."

"నాకేం సంబంధం లేదమ్మా" అన్నారు వకీలుగారు బయటినుంచి.

ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డాడు. "ఇంకోసారి విసురు."

కాసేపు ఆగి, "విసరవేం?" అన్నాడు.

"ఎప్పుడో విసిరాను" అంది భార్య. అని, ఆయన మొహం చూసి, నవ్వబోయి ఆగింది.

ఆయన కొత్తగా కొట్టిన దివాను మీద కూలబడ్డాడు. స్పాంజి ఇంకా వెయ్యలేదు, స్ప్రింగులు గుచ్చుకున్నాయి, అది మాత్రం తెలిసింది. తను అబద్ధమాడలేదు. అదొక ఊరట. కానీ మందుల షాపాయన కూడా ఆడలేదు. లెక్కల టీచరమ్మా ఆడలేదు. నిలువునా నిజం చెప్పిన మనిషిని పదిమందిలో అబద్ధాలకోరని, కళ్లు కనబడవని అన్నది తనే.

"ఇప్పుడేం చేస్తారు?" అంది భార్య.

"ఆదివారం వెళ్తాను."

"రానివ్వకపోతే?"

"గుమ్మం బయట నిలబడే చెబుతాను."

వెళ్లాడు. మామూలు పలచటి చొక్కాలో, చంకలో ఆ స్పాంజి చొక్కాతో, చేతిలో పెద్ద కత్తెరతో. కత్తెర చూసి కాలేజీ అమ్మాయిలు కొంచెం దూరం జరిగారు. ఆయన మందుల షాపాయన ముందుకెళ్లి నిలబడ్డాడు.

"మీరు ఆరోజు కొట్టారు. నాకు తగిలింది."

మందుల షాపాయన కనుబొమ్మలు ముడేశాడు. "తగిలిందంటున్నారా? తగల్లేదంటున్నారా? ఏదో ఒకటి చెప్పండి."

"తగిలింది. తెలీలేదు. నేను తొడుక్కుంటాను, గోడవైపు తిరుగుతాను. మీరు కొట్టండి. తగిలినప్పుడు చెబుతాను."

గుంపు మూగింది. ఆయన చొక్కా తొడుక్కుని గోడవైపు తిరిగాడు. మందుల షాపాయన బ్లాస్టర్ ఎక్కుపెట్టాడు. ఫట్, ఫట్, ఫట్. డార్టులు వీపుకి తగిలి రాలుతున్నాయి. సోఫాలాయన గోడ వంక చూస్తూ నిలబడ్డాడు. ఫట్‌మనే చప్పుడు వినడం ఒకటి, ఒంటికి తెలియడం ఒకటి. తర్వాత మందుల షాపాయన బ్లాస్టర్ గోడౌను కప్పువైపు పెట్టి కాల్చాడు.

"తగిలింది!" అన్నాడు సోఫాలాయన అంచనా మీద, గట్టిగా.

గోడౌను దద్దరిల్లింది. డ్రైవరు నవ్వు ఆపుకోలేక అడ్డుగోడ పట్టుకున్నాడు. "అన్నా, అది కప్పుకి తగిలింది! కప్పు చెప్పుకోవాలి!"

మందుల షాపాయన నవ్వలేదు. అంత తేలిగ్గా నమ్మే మనిషి కాడు. "నాకివ్వండి" అన్నాడు. ఇస్త్రీ చొక్కా మీద దాన్ని తొడుక్కుని, పట్టీలు బిగించుకుని, గోడవైపు తిరిగాడు. డాక్టరమ్మ, టీచరమ్మ, వంటమాస్టరు, అందరూ తలో చెయ్యి వేశారు. డార్టుల వాన కురిసింది. చాలాసేపటికి ఆయన గోడవైపు నుంచే అడిగాడు. "మొదలుపెట్టండి, ఎంతసేపు నిలబడాలి?"

అప్పుడు తిరిగి, కింద కుప్పగా పడ్డ డార్టుల్ని చూసి, చొక్కా లోపలికి వేలు పోనిచ్చి నొక్కాడు.

"ఏం స్పాంజండీ ఇది?"

"కుర్చీ వీపుకి వేసేది."

"నా షాపులో కుర్చీకి నడుం నొప్పి వస్తోంది. ఇది వెయ్యండి." పట్టీలు విప్పుతూ, చూపు పట్టీల మీదే ఉంచి, "నేను మిమ్మల్ని దొంగన్నాను" అన్నాడు.

"నోటితో అనలేదు లెండి. నేనైతే గుడ్డివాడని నోటితోనే అన్నాను."

"మనసులో అన్నాను."

"అయితే ఇద్దరం అన్నట్టే."

సోఫాలాయన అందరి ముందు చొక్కా కుట్లు కత్తిరించి స్పాంజి పలకలు బయటికి లాగాడు. వాటిమీద కూర్చునే హక్కు తనదని వంటమాస్టరు వెంటనే ప్రకటించాడు. ఖాళీ కాన్వాసు సంచిలా వేలాడింది. సోఫాలాయన దానివైపు చూడలేక మడిచి పక్కన పెట్టేశాడు. డాక్టరమ్మ జట్లు విడగొట్టింది. సోఫాలాయన, డ్రైవరు ఒక పక్క. మందుల షాపాయన ఇంకో పక్క. ఎదురుగా ఆడనని ఈసారి ఎవరూ అనలేదు.

పలచటి చొక్కాలో ప్రతి గాలీ తెలుస్తోంది. అందుకేనేమో ఆరోజు ఆయన నిజంగా పాకాడు, నిజంగా నక్కాడు. ఆట సాగేకొద్దీ ఒక్కొక్కరే తలమీద చేతులతో బయటికి నడిచారు. చివరికి ఈ పక్క ఈయన, ఆ పక్క మందుల షాపాయన మిగిలారు. మధ్యలో డ్రమ్ము మీద పసుపు గుడ్డ జెండా. బయట నిలబడ్డ డ్రైవరు సైగలు చేస్తున్నాడు, ఏ సైన్యంలోనూ లేని సైగలు.

సోఫాలాయన పరుగు తీశాడు. మందుల షాపాయన అడ్డుగోడ వెనక నుంచి లేచి కాల్చాడు. ఈయన చెయ్యి జెండాకి అందబోతోంది, ఇంకొక్క అంగ. అక్కడ ఆగిపోయాడు. చెయ్యి వెనక్కి తీసుకుని తలమీద పెట్టుకున్నాడు.

"తగిలింది."

"ఎక్కడ తగిలింది?" అన్నాడు మందుల షాపాయన.

"చొక్కా కొసకి. గాలికి ఎగిరింది కదా, అక్కడ."

"తగల్లేదు. పక్కనుంచి పోయింది. నేను చూశాను."

"నాకు తెలిసిందండీ."

"కాల్చింది నేను. తప్పిందని నేనే చెబుతున్నాను. పోయి జెండా తీసుకోండి."

"తగిలిందంటే వినరేం? చొక్కా నాది!"

"గురి నాది! మీకిప్పుడు తగలనివి కూడా తగిలినట్టు అనిపిస్తున్నాయి. ఇందాక కప్పుకి కొట్టినా తగిలిందన్నారు!"

"అది వేరు, అప్పుడు సోఫాలో ఉన్నాను!"

"అయితే నేను అబద్ధమాడుతున్నానా?"

ఆ మాటకి ఇద్దరూ ఒక్క క్షణం ఆగి, మళ్లీ అంతే జోరుగా అందుకున్నారు. గోడౌను బయట కుక్కలు మొరిగాయి. డ్రైవరు నెత్తి కొట్టుకుని, "అన్నా, ఆయన తగల్లేదని దండం పెట్టి చెబుతుంటే నీకేం పోయింది!" అని అరిచాడు. టీచరమ్మ డార్టు ఎక్కడ పడిందో వెతుకుతూ మోకాళ్ల మీద కూర్చుంది. డాక్టరమ్మ ఇద్దరి మధ్యకొచ్చి, పేషెంటుని నోరు తెరవమన్నంత గట్టిగా నోళ్లు మూసుకోమంది.

"ఎవరి దెబ్బ ఎవరు చెప్పుకోవాలి?"

మందుల షాపాయన అయిష్టంగా ఒప్పుకున్నాడు. "ఆయనే."

"ఆయన తగిలిందంటున్నారు. అయిపోయింది."

సోఫాలాయన తలమీద చెయ్యితో, మెడ నిటారుగా పెట్టుకుని బయటికి నడిచాడు. జట్టు ఓడిపోయింది. గెలిచిన జట్టులో మందుల షాపాయన మాత్రం డార్టు పడిన చోటు నుంచి అడుగులు కొలుచుకుంటూ, అది ఏ కోణంలో తప్పి ఉంటుందో వినేవాళ్లందరికీ వివరిస్తున్నాడు. డ్రైవరు సోఫాలాయన పక్కన నిలబడి గాగుల్స్ తుడిచిందే తుడిచాడు.

"కనీసం జెండా పట్టుకున్నాక తగిలించుకోవచ్చు కదన్నా" అన్నాడు చివరికి.